జస్టిస్ హెబ్రోను తప్పుకున్న కేసు

మా హెబ్రోను జడ్జిగా కూర్చుంటే గోడ మీది బల్లి కూడా అనుమతి అడిగి కదిలేదని మా పల్లెలో చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. వాడి కారు వస్తోందని తెలిసి ఉప్పుటేరు ఒక పూట వెనక్కి పారిందన్నదీ నా కల్పనే. కింద రాసేది మాత్రం కల్పన కాదు. కల్పనే అయితే ఇంత చేదుగా కల్పించేవాణ్ణి కాను.

అల్లూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే మా పల్లెలో వాడి నాయన జకరయ్య కౌలుకు వరి పండించేవాడు. తల్లి పేరమ్మ నాట్లకూ కోతలకూ వెళ్లేది. సిస్టర్ల దయవల్ల వాడికి నెల్లూరు కాన్వెంటులో సీటు దొరికింది. అక్కడ మా ఇద్దరిదీ ఒకే బెంచీ. క్లాసులో మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమంటే ముందు తన పేరే రాసుకునేవాడు. సిస్టర్ మురిసిపోయి చాక్లెట్ ఇచ్చేది. ఆ చాక్లెట్లే వాణ్ణి చెడగొట్టాయని నేను ఇప్పటికీ అంటాను.

వాడు లా చదువుతుండగా పేరమ్మ పోయింది. ఏటి ఒడ్డున మా చర్చి సంఘపు సమాధుల తోటలో పెట్టాము. హెబ్రోను మున్సిఫ్ అయ్యాడు, జిల్లా జడ్జి అయ్యాడు, చివరికి హైకోర్టుకు చేరాడు. ఎవరి పెళ్లికీ వెళ్లలేదు, ఎవరింట్లోనూ కాఫీ తాగలేదు. సొంత అక్క అబిగయీలు ఇంటికి వచ్చినా క్యారియరు వెంట తెచ్చుకునేవాడు. ఆమె మొగుడికి చేని గట్టు తగాదా ఒకటి కోర్టులో నడుస్తోందట, అక్కడ అన్నం తింటే తప్పట. తమ్ముడు తన గడపలో కూర్చుని ఎవరో వండిన పప్పన్నం తింటుంటే ఆమె విసనకర్రతో ఈగలు తోలేది.

సమాధుల తోట పక్కన పెంచలకృష్ణ అనే ఆసామికి రొయ్యల గుంటలు ఉన్నాయి. ఆ తోట కూడా తన పట్టాలోదేనని అతను దావా వేసి కింది కోర్టుల్లో గెలిచాడు. మేము హైకోర్టుకు వెళ్లాము. అక్కడ ఒక జడ్జి కొన్నాళ్లపాటు తవ్వకూడదని స్టే ఇచ్చాడు. ఆ గడువు ముగిసే రోజున కేసు హెబ్రోను ముందుకు వచ్చింది. అబిగయీలు గుడికి కట్టే తెల్లచీర కట్టుకుంది. ఇద్దరం వెళ్లి వెనక వరసలో కూర్చున్నాము.

హెబ్రోను ఫైలు తెరిచి ఊరి పేరు చూశాడు.

“ఇందులో మా తల్లి సమాధి ఉంది. నేను వినకూడదు. ఇంకో బెంచికి పంపండి.”

మా లాయరు సుశీల్ కుమార్ చేతులు జోడించాడు. “మై లార్డ్, స్టే ఇవాళ్టితో అయిపోతుంది. రెండు వారాలు పొడిగించి పంపండి, అంతే.”

“తప్పుకున్నాక ఒక్క అక్షరం కూడా రాయను.”

అబిగయీలు లేచింది. “ఒరే హెబ్రోనూ, అమ్మరా! యాడికని పంపిస్తావురా?”

కానిస్టేబులు ఆమె భుజం పట్టి కూర్చోబెట్టాడు. హెబ్రోను తలెత్తకుండా తర్వాతి ఫైలు అందుకున్నాడు.

మా ఫైలు ఇంకో బెంచికి చేరేలోపు వేసవి సెలవులు వచ్చాయి. పొక్లెయిన్లు అంతకంటే ముందే వచ్చాయి. పాస్టరు గారు దొరికినన్ని ఎముకలు ఏరి, యూరియా సంచుల్లో కట్టించి, గుడి వెనక ఒకటే గుంత తీయించారు. ఏ ఎముక ఎవరిదో ఎవరికీ తెలియదు. అదే వారం లాయర్లు హెబ్రోనుకు సన్మానం చేశారు. కన్నతల్లి సమాధి కోసం కూడా ధర్మం తప్పని మనిషని పొగిడి శాలువా కప్పారు.

రిటైరై వాడు పల్లెకు వచ్చాడు. భార్య అప్పటికే పోయింది, పిల్లలు లేరు. నేనే వెంటబెట్టుకుని అక్క ఇంటికి తీసుకెళ్లాను.

“ఏందబ్బయా, చేతులూపుకుంటా వచ్చినావు? క్యారియరు తేలేదా?” అంది అబిగయీలు.

“ఎత్తిపొడవద్దక్కా. అప్పీలు ఇంకా నడుస్తోంది. నేను కూడా పార్టీగా చేరతాను. ఆ నేల మళ్లీ సంఘానికి ఇప్పిస్తాను. చచ్చాక నన్ను అక్కడే పెట్టండి.”

“యాడ పెట్టేది? రొయ్యల్లోనా?”

అన్నం మాత్రం పెట్టింది. వాడు తిన్నంతసేపూ ఆమె ఎదురుగా కూర్చోలేదు.

వాడు అన్నట్టే కేసులో చేరాడు. మొదటి జడ్జి వాణ్ణి చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. “సారు దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఈ కేసు నేను వినకూడదు,” అన్నాడు. రెండో జడ్జి వాడితో కలిసి బెంచిలో కూర్చున్నవాడు, తప్పుకున్నాడు. మూడో జడ్జిని ఆ పదవికి సిఫారసు చేసినవాళ్లలో వాడూ ఒకడు, ఆయనా తప్పుకున్నాడు. అందరూ ఎంతో గౌరవంగా తప్పుకున్నారు.

“అయ్యా, ఎవరో ఒకరు వినండి,” అన్నాడు హెబ్రోను.

“మీరే మాకు ఆదర్శం సార్,” అన్నాడు మూడో జడ్జి.

మొన్న ఈస్టరు తెల్లవారుజామున, ఏటా సమాధుల మీద దీపాలు పెట్టడానికి తోటకు వెళ్లినట్టే, సంఘమంతా కొవ్వొత్తులతో తోట ఉన్నచోట తవ్విన రొయ్యల గుంట గట్టు మీదికి వెళ్లాము. హెబ్రోను కూడా ఒక కొవ్వొత్తి తెచ్చుకుని అక్క పక్కన నిలబడబోయాడు.

“నువ్వు తప్పుకున్నోడివి గదా అబ్బయా. పక్కకు పో,” అంది ఆమె, గొంతు పెంచకుండానే.

పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు. నేనూ గొంతు కలిపాను. హెబ్రోను గట్టు చుట్టూ నడిచి అవతలి ఒడ్డుకు చేరాడు. పెద్ద జడ్జిగారని గుర్తుపట్టి పెంచలకృష్ణ కాపలావాడు పరుగున ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. హెబ్రోను కాసేపు దాని వంక చూశాడు. తర్వాత కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పులు మరి.