బావగారి చేతిలో మూట

అరవై ఎనిమిదో సంవత్సరం. చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. మావారు బాప్తిస్మం తీసుకున్నారన్న కోపంతో వాళ్ళ అన్నయ్య, అంటే మా బావగారు, కర్రతో కొట్టి ఆయన చెయ్యి విరగ్గొట్టారు. మావారు కేసు పెట్టలేదు సరికదా, రోజూ అన్నయ్య కోసం ప్రార్థన చేసేవారు. నాకు మాత్రం కడుపు మండిపోయేది.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం పొద్దున్న, బావగారు మా ప్రార్థన పాకలోకి వచ్చి వెనక కూర్చున్నారు. ఒళ్ళో తువ్వాలు మూట. దాన్ని రెండు చేతులతో కప్పి పట్టుకున్నారు. కత్తో, రాయో అనుకున్నాను. తప్పు చేసినవాళ్ళను క్షమిస్తున్నామంటూ అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే, నేనొక్కదాన్నే కళ్ళు తెరుచుకుని ఆ మూటనే చూస్తున్నాను.

ప్రార్థన అయ్యీ అవ్వగానే బావగారు లేచి మావారి వైపు నడిచారు. నేను ఒక్క ఉదుటున వెళ్ళి మూట లాగేశాను.

"ఏటి తెచ్చినావు బావా? సంపీడానికొచ్చినావా?" అని అరిచాను.

మూట కింద పడింది. కోడిగుడ్లు! అన్నీ పగిలి చాపంతా సొన పారింది.

"తమ్ముడి సెయ్యికి బలమొస్తాదని తెచ్చినానమ్మా," అన్నారు బావగారు తల వంచుకుని.

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయిపోనాది బావా, సెమించు," అన్నాను.

"నన్నడుగుతావేటమ్మా? ఆ మాట అడగడానికే నాను వచ్చినాను."

మావారు బావగారిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

నిజం చెప్పాలంటే, నా అనుమానం పూర్తిగా పోవడానికి చాలా రోజులు పట్టింది. అయినా ఆ మధ్యాహ్నమే బావగారికి మా ఇంట్లో అన్నం వడ్డించాను. క్షమించడం నాకు అక్కడే మొదలైంది.