గుమ్మం ముందు నీలం కారు

జీడిపిక్కల లారీ ఒకటి కాశీబుగ్గ బజారులో అడ్డం తిరిగి నిలబడిపోయింది. ముందుకు దారి లేదు, వెనక్కి దారి లేదు. జీడి తొక్కు కాలుతున్న ఘాటు వాసన కిటికీలోంచి లోపలికి వస్తోంది. చుట్టూ ఉన్న బళ్ళన్నీ ఒకటే హారన్ల మోత, ఆ మోతకు లారీ భయపడి తప్పుకుంటుందన్నట్టు. ఆ గోలలో నా వెనకెక్కడో ఒక పాత డీజిల్ అంబాసిడర్ శబ్దం వినిపించింది. ఎవరో పెద్దాయన గొంతు సవరించుకుంటూ ఏదో చెప్పబోతున్నట్టుండే శబ్దం. అద్దంలో చూశాను. తెల్ల కారు. మాది నీలం. మాది ఎప్పుడో తుక్కు కింద పోయిందని తెలిసి కూడా చూశాను.

నా బండిలో వెనక ఉద్దానం ఆయన ఒకరు, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. పలాసలో ఆయనకు డయాలసిస్, అదే రక్తం శుద్ధి, చేయించుకుని ఇంటికి వెళ్తున్నారు. ఆవిడ ముందుకు వంగి, "ఏటి బాబూ, అందరూ ఆరన్లు కొడతన్నారు, నువ్వు కొట్టవేటి? పాడైపోనాదా?" అంది. బాగానే ఉందమ్మా అన్నాను. అంతకంటే ఏం చెప్పను? ఆ హారన్ సంగతి చెప్పాలంటే తవిటమ్మగారి సంగతి చెప్పాలి. అది బజారులో బండి ఆపుకుని చెప్పే సంగతి కాదు.

తవిటమ్మగారిది వజ్రపుకొత్తూరు వైపు, సముద్రపు హోరు ఇంట్లోకి వినిపించే ఒక ఊరు. కొబ్బరి తోట, జీడి తోట, పెద్ద వీధరుగు ఉన్న ఇల్లు. మనిషి పొట్టి. గొంతు మాత్రం తోట అవతలి గట్టు దాకా వెళ్ళేది. ఆవిడ భర్త పంచాయతీ రాజకీయాల్లో తిరిగిన మనిషి. తను వస్తున్నట్టు అల్లంత దూరం నుంచే జనానికి తెలియాలని తన అంబాసిడర్‌కి నీలం రంగు వేయించాడు. తెలిసేది కూడా. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకెవరికీ అలాంటి కారు లేదు. తరవాత ఆయనకు కిడ్నీల జబ్బు వచ్చింది. అదే కారులో విశాఖపట్నం తిరిగాడు, చివరికి అదే కారులో శవమై వచ్చాడు. కారు అమ్మేయమని చుట్టాలందరూ చెప్పారట. ఈవిడ వినలేదు. తోటలో పాక కింద పెట్టించింది. కొన్నాళ్ళకు వెనక వీధి నుంచి ఒకామె వచ్చి, మా ఆయన బస్సులో కూర్చోలేకపోతున్నాడమ్మా అని ఏడ్చింది. తవిటమ్మగారు తాళం తీసి ఇచ్చేసింది. అప్పటినుంచి ఆ కారు ఆ ఇంటిది కాదు, ఆ జబ్బుది.

నేను ఆవిడ దగ్గర డ్రైవరుగా చేరింది తొంభైల చివర్లో. మాది భావనపాడు దగ్గర చేపలు పట్టే కుటుంబం. నేను మాత్రం పడవ ఎక్కితే కడుపులో పేగులు బయటికొచ్చేలా వాంతులు చేసుకునేవాణ్ణి. మా అయ్య నన్ను చూసి సిగ్గుపడి డ్రైవింగులో పెట్టాడు. ఈ కథంతా ఎవరో చెప్పినట్టున్నారు, తవిటమ్మగారు నన్ను కింద నుంచి పైకి చూసి, "ఏరా దండాసీ, సముద్రానికి పనికిరానోడివి రోడ్డుకి పనికొత్తావేటి?" అంది. పనికొస్తానన్నాను. "బేగా తోలీవోలు నాకొద్దు. వెనకాల పడుకున్నోడికి గొయ్యి తెలకూడదు. తెలిసిందో, ఆ గోతిలోనే నిన్ను కప్పెట్టేత్తాను." ఉద్యోగం ఇచ్చినట్టు నాకు అలాగే తెలిసింది.

ఆవిడ పద్ధతి ఒకటుండేది. కారు రోగి గుమ్మం దాకా వెళ్ళాలి. సందు ఎంత ఇరుకైనా సరే, గోడలు గీరుకున్నా సరే. గుమ్మం ముందు ఆపి రెండుసార్లు హారన్ కొట్టాలి. "జబ్బు సేసినోడు రోడ్డు దాకా నడిసొత్తే మనకి కారెందుకు?" అనేది. వెనక సీటు పొడుగ్గా ఉంటుంది కాబట్టి రోగి భార్య ఒడిలో తల పెట్టుకుని పడుకునేవాడు. కొందరు డీజిల్ పోయించేవారు, కొందరు కొబ్బరికాయలు తెచ్చి అరుగు మీద పెట్టేవారు. ఆ జబ్బు ఉన్నవాడు కొబ్బరి నీళ్ళు తాగకూడదు. మామూలు నీళ్ళు కూడా కొలుచుకుని తాగాలి. రోడ్డుకు రెండు వైపులా కాయలు వేలాడుతుంటే, ఆ చెట్లు నాటినవాడు నా వెనక సీట్లో పెదాలు తడుపుకుంటూ పడుకునేవాడు. నాకు దేవుడి మీద కోపం వచ్చిన చోటు అదే. ఇప్పటికీ పోలేదు.

సముద్రపు గాలికి ఇనుము ఆగదు. కొన్నేళ్ళకు కారు అడుగు రేకు చిల్లులు పడి, కాళ్ళ కింద రోడ్డు కనిపించేది. ఇంజన్ పొగ కక్కేది. ఒకసారి టెక్కలి దాటాక ఎండలో ఆగిపోతే, వెనక పడుకున్న మనిషిని నేనూ వాళ్ళ తమ్ముడూ మోసుకుని లారీ ఎక్కించాం. ఆ సాయంత్రం తవిటమ్మగారు అన్నం తినలేదు. మర్నాడు నన్ను తీసుకుని టెక్కలి మెకానిక్ దగ్గరికి వచ్చింది. అతను బానెట్ ఎత్తి చూసి నిజాయితీగానే చెప్పాడు. "ఇంజన్ మొత్తం ఇప్పాలమ్మా. అడుగు కోసి కొత్త రేకు ఎయ్యాల. ఇంత సేసినా పాతది పాతదే. ఏరే బండి తీసుకోండి, సుఖపడతారు." ఆవిడ మరిది కూడా అక్కడే ఉన్నాడు. కాశీబుగ్గలో వ్యాను ఒకటి చూసిపెట్టానని, వదిన ఊ అంటే రేపే తెస్తానని అన్నాడు.

"బాగవుద్దా, అవదా? ఆ ఒక్క ముక్కా సెప్పు" అంది మెకానిక్‌తో.

"అవుద్దమ్మా, కానీ..."

"అవుద్దన్నావు గదా. సాలు. బాగవదన్న మాట మా ఇంటాయనప్పుడు డాటర్ల కాడ సాలా సార్లు ఇన్నాను. ఒక్కటన్నా బాగవనీ."

మెకానిక్ బానెట్ దించేశాడు. మరిది బయటికి వెళ్ళి చుట్ట వెలిగించుకున్నాడు. నాకైతే ఆవిడ మీద గౌరవం పొంగిపోయింది. నేనూ కొత్త బండి వద్దనే అనుకున్నాను, ఆ పొడుగు సీటు ఇంకెందులోనూ దొరకదు కదా. కారు తిరిగొచ్చేసరికి కొత్త రేకుతో, తెరిపిన పడ్డ ఇంజన్‌తో, అదే నీలం రంగుతో పెళ్ళికొడుకులా ఉంది. రంగు మార్చమంటారా అని మెకానిక్ అడిగితే, "మా కారని తెలకపోతే జనం ఎలా పిలుత్తారు?" అందట.

జనం పిలవడం మానేశారు. కారు ఎక్కడా ఆగకుండా తిరుగుతున్న రోజుల్లోనే ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. జబ్బు తగ్గిందేమోనని ఆవిడ సంబరపడింది. ఎక్కడ తగ్గింది! పక్క ఊరిలో జోగారావుగారని జీడి తోటల రైతు ఉండేవాడు. నెమ్మదైన మనిషి. ఒకరోజు ఆయన భార్య నన్ను దారిలో ఆపి, "దండాసీ, లచ్చివారం మా ఆయన్ని విశాఖపట్నం తీసుకెల్లాల. కారు మా ఈదిలోకి ఒద్దు నాయినా, రోడ్డు మీద ఆపు, మేవే ఒత్తాం" అని మెల్లగా చెప్పింది. నేనొచ్చి తవిటమ్మగారికి చెప్పాను. ఆవిడ అది మొహమాటం అనుకుంది. "మన సందుకి అంత పెద్ద కారెందుకనుకుంటన్నట్టున్నారు. ఎర్రోలు. గుమ్మం కాడికే ఎల్లు. నా మాటగా సెప్పు" అంది.

వెళ్ళాను. రెండు హారన్లు కొట్టాను. వీధిలో ప్రతి గుమ్మంలోంచీ ఒక తల బయటికొచ్చింది. జోగారావుగారి అరుగు మీద తెలియని మనుషులు కాఫీలు తాగుతున్నారు. ముందే అనుకున్న రోజు మార్చుకుని, ఆయన కొడుక్కి సంబంధం మాట్లాడడానికి ఆ పొద్దున్నే దిగినవాళ్ళు. వాళ్ళలో ఒకాయన కప్పు కింద పెట్టి కారు వైపు చూశాడు. జోగారావుగారు ఉతికిన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి, ఎన్నడూ లేనంత గట్టిగా నవ్వి, "ఎవులి కోసం ఒచ్చినావురా దండాసీ? ఇల్లు మర్సిపోనావేటి? మాకెవులికీ ఏ రోగమూ నేదు, ఎల్లెల్లు" అన్నాడు. ఆయన పాదాలు చెప్పుల్లో పట్టనంతగా ఉబ్బి ఉన్నాయి. నేను బండి వెనక్కి తిప్పుకుని వచ్చేశాను. సంబంధం మాత్రం నిలవలేదు. ఆ ఇంటి ముందు నీలం కారు ఆగిందన్న మాట ఒక్కటీ చాలింది.

ఆ తరవాత ఆయన ఏ బండీ ఎక్కలేదు. రోగం లేదని నిరూపించడానికి తోట పనికి పోయేవాడట. మళ్ళీ మాకు కబురొచ్చేసరికి మనిషి పడుకుంటే ఊపిరాడటం లేదు. మంచం మీదనుంచే కారులో కూర్చోబెట్టారు. ఈసారి నేను హారన్ కొట్టలేదు, అయినా వీధంతా బయటే ఉంది. కారు అద్భుతంగా నడిచింది. బాగుచేసిన ఇంజన్ ఎక్కడా దగ్గలేదు. టెక్కలి దాటాక ఒక గేదెల మంద అడ్డొస్తే హారన్ మీద చెయ్యి వేశాను. వెనకనుంచి జోగారావుగారు, "కొట్టకురా దండాసీ. ఆరన్ కొట్టకు" అన్నాడు. గేదెలు పోయేదాకా ఆగాను. శ్రీకాకుళం చేరకముందే ఆయన భార్య అరుపు వినిపించింది. బండి బాగుంది, మనిషి పోయాడు.

కర్మకాండలు అయ్యాక తవిటమ్మగారు పలకరించడానికి వెళ్ళింది. కారు వద్దని నడిచే వెళ్ళింది, నేనూ వెంట ఉన్నాను. జోగారావుగారి భార్య నిష్ఠూరంగా కాదు, మామూలుగానే చెప్పింది. "మీది దొడ్డ మనసే అమ్మా. కానీ మీ కారు ఈదిలోకొత్తే పిల్లలు కూడా లోనకి పారిపోతారు. ఎక్కినోలెవులూ నడిసి దిగనేదంటారు. అందుకే గదా మొగోలు సావనైనా సత్తాం గానీ ఆ కారెక్కం అంటన్నారు." తవిటమ్మగారు వెంటనే లేచి బయల్దేరింది. ఇంటికొచ్చి పాక కింద కారు ముందు నిలబడి, బానెట్ మీద చెయ్యి వేసి, "బాగుసేయించాల్సింది దీన్ని కాదురా" అంది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

మర్నాడే కాశీబుగ్గ వెళ్ళాం. పాత బళ్ళు అమ్మేవాడు మంచి మంచివి చూపించాడు. ఆవిడ దేన్నీ చూడలేదు. ఒక మూల పడున్న తెల్ల వ్యాను దగ్గర ఆగింది. పొద్దున్నే జీడిపప్పు కార్ఖానాలకు ఆడవాళ్ళను దింపే రకం. "ఇలాటివి ఈ ఊర్లో ఎన్నుంటాయి?" అని అడిగింది. వీధికి రెండు కనబడతాయమ్మా అన్నాడతను. "ఐతే ఇదే" అంది. నడిచే కారును ఎందుకు తుక్కుకిస్తున్నారని టెక్కలి మెకానిక్ నొచ్చుకుంటే, "పాతదయిపోనాదని కాదు నాయినా, అందరికీ తెలిసిపోనాదని" అంది. ఎవరైనా కొని వేరే ఊళ్ళో తిప్పుకుంటారంటే కూడా ఒప్పుకోలేదు. ముక్కలు చేయించింది.

వ్యానులో సీట్లు తీసి పరుపు వేయించింది. పైన రెండు కొబ్బరికాయల బస్తాలు ఎప్పుడూ ఉండేవి, సంతకు వెళ్తున్నట్టు కనబడడానికి. పాత పద్ధతి మొత్తం తిరగేసింది. గుమ్మం ముందు ఆగకూడదు, ఎక్కడ ఆపాలో రోగి చెప్పాలి. జీడి తోట మలుపైతే జీడి తోట మలుపు, తుఫాను షెల్టరైతే తుఫాను షెల్టరు. హారన్ కొట్టకూడదు. జబ్బు చేసినవాడు దొంగలా తుప్పల చాటునుంచి నడిచొచ్చి ఎక్కుతుంటే నాకు కడుపు రగిలిపోయేది. అదే మాట అంటే, "నడిసొత్తన్నాడు గదా, బతికే ఉన్నాడు గదా" అనేది. మళ్ళీ జనం ఎక్కడం మొదలుపెట్టారు.

కొన్నేళ్ళకు ఆవిడ పాదాలు ఉబ్బాయి. నేను ఆ పాదాలు చూసి ఏమీ అడగలేదు, అలాంటి పాదాలు చాలా చూశాను. ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు వ్యాను తోట వెనక గట్టు దగ్గర పెట్టి ఇంట్లోకి వెళ్ళాను. ఆవిడ మంచి చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. "బండి అక్కడ పెట్టినావేటి? గుమ్మం కాడికి తే" అంది. తెచ్చాను. నెమ్మదిగా ఎక్కి, వెనక పరుపు మీద కాకుండా ముందు నా పక్కన కూర్చుంది. "ఆరన్ కొట్టు" అంది.

"ఒద్దమ్మా."

"కొట్టరా. నాకిప్పుడు సంబంధాలు సూసీవోలు నేరు గదా. తవిటమ్మకీ ఒచ్చిందని ఊరు సూడనీ. సూత్తేనే గదా మిగిలినోలు సిగ్గిడిసిపెడతారు."

నా చెయ్యి లేవలేదు. జోగారావుగారి గొంతు చెవిలో ఉంది. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, పక్కకు వంగి తనే రెండుసార్లు గట్టిగా కొట్టింది. వీధిలో తలలన్నీ బయటికొచ్చాయి. ఆవిడ కొంగు సర్దుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు అందరికీ చెయ్యి ఊపింది. అలా ఎన్నో నెలలు వెళ్ళింది. ఆఖరిసారి ఆవిడను తెచ్చినప్పుడు హారన్ కొట్టేవాళ్ళు లేరు.

కాశీబుగ్గలో లారీ ఎలాగో పక్కకు తప్పుకుంది. నా వెనకున్న వాళ్ళ ఊరు దగ్గరపడగానే అలవాటు ప్రకారం ఊరి బయట మలుపులో ఆపాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఇక్కడ ఆపినావేటి బాబూ? గుమ్మం కాడికి ఎల్లు. మా ఈదిలో ఇప్పుడు ఇంటికొకలున్నారు. ఎవులి కాడ దాసీది?" అంది. ఆ మాట వినడానికే కదా తవిటమ్మగారు ఆ రోజు హారన్ కొట్టింది అనుకున్నాను. కానీ ఇంటింటా జబ్బు పాకిపోయి ఇలా వినడానికి కాదు. గుమ్మం ముందు ఆపాను. "ఒకసారి ఆరన్ కొట్టు నాయినా, మా పెద్దోడొచ్చి సెయ్యేత్తాడు" అందామె. చెయ్యి హారన్ దాకా వెళ్ళింది. ఆగిపోయింది. బండి దిగి, తలుపు తీసి, ఆయన చేతిని నా భుజం మీద వేసుకున్నాను.