గ్రహణం నాడు బీన్స్ డబ్బా

మీరెప్పుడైనా ఒక మూఢనమ్మకాన్ని చంపడానికి బయలుదేరి, దానికి బలమైన టానిక్కు తాగించి ఇంటికి తిరిగొచ్చారా? నేను వచ్చాను. భిలాయిలో ఏళ్ల తరబడి వేదికలెక్కి, బల్లలు చరిచి, గొంతు చించుకుని సంపాదించిన నా హేతువాద కీర్తి ఒక్క సాయంత్రంలో, సెక్టర్ 7 పార్కులో, ప్లాస్టిక్ కుర్చీల సాక్షిగా గాలిలో కలిసిపోయింది. గాలిలో అని ఊరికే అనలేదు. కాస్త ముందుకు వెళితే మీకే తెలుస్తుంది.

ముందు నా ఉద్యోగం చెప్పాలి. ఉక్కు ప్లాంటులో నాది రైలు పట్టాల తనిఖీ. పట్టాలో వెంట్రుకంత పగులున్నా పట్టుకోవడం మా పని. ముక్క కోసి, పరీక్షించి, ఆ నమూనా నెగ్గాకే ఆ విడత పట్టాల లాటంతా బయటికి పోవాలి. నమూనా చూడకుండా లాటు పంపినవాణ్ణి మా వర్క్‌షాపులో మనిషిగా లెక్కపెట్టరు. ఈ నియమాన్ని ఇక్కడ మీ చేతికివ్వడం నాకు క్షేమం కాదు. అయినా ఇస్తున్నాను.

ఇక గొడవ. మా అత్తగారు నారాయణమ్మగారు శ్రీకాకుళం నుంచి పెళ్లికూతురుగా వచ్చి, వైశాలి నగర్‌లో మా వెనక వీధిలో స్థిరపడిన మనిషి. ఆవిడ మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆవిడ కొడుకు రవికి లేదు. రవి భార్య స్వాతి భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల. అప్పుడు ఆరో నెల. టీచరు ఉద్యోగం పరీక్షకు రెండేళ్లుగా చదువుతోంది. వయసు హద్దు దాటిపోతోంది కనుక అదే ఆఖరి అవకాశం. తీరా పరీక్ష తేదీ వచ్చి చంద్రగ్రహణం రోజున పడింది. పక్క ఊరు దుర్గ్‌లో సెంటరు.

"గ్రహణం సాయంత్రం కదా అత్తయ్యగారూ, పరీక్ష పొద్దున కదా!" అన్నాను.

"అయితే ఏటి బాబూ? కడుపుతో ఉన్నది ఆ రోజు తెల్లారగట్ల నుంచి గుమ్మం దాటకూడదు. గదిలో కదలకుండా పడుకోవాలి. నాను అలాగే పడుకున్నాను, మా యమ్మ అలాగే పడుకుంది."

"అన్నయ్యా, ప్లీజ్ కుఛ్ కరో" అంది స్వాతి, పుస్తకం మూసి, ఏదో ఒకటి చెయ్యమని బతిమాలుతూ.

ఆ మాట విన్నాక నాలాంటివాడు ఊరుకుంటాడా? సవాలు విసిరాను. చంద్రగ్రహణానికి రెండు వారాల ముందు సూర్యగ్రహణం ఉంది. ఆ రోజు మా హేతువాద మిత్రులందరం గ్రహణ సమయంలో బహిరంగంగా భోంచేస్తామని, ఎవరికీ ఏమీ కాదని, అప్పుడు స్వాతిని పరీక్షకు పంపాలని అన్నాను. అత్తగారు విస్తరాకులు కుడుతున్న చెయ్యి ఆపారు.

"సరే. తినండి. తిన్నోళ్లలో ఒక్కడి కడుపులో కూడా ఏటీ తేడా రాకపోతే, కోడల్ని నానే ఆటో ఎక్కిస్తాను. వచ్చిందా, అది గది దాటదు. మరి మీరు నోరెత్తకూడదు."

"ఒప్పుకున్నాను!" అని గర్జించాను. పాఠకులారా, గర్జించడం నాకు చాలా తేలిక. ఆలోచించడమే అప్పుడప్పుడు ఆలస్యమవుతుంది.

ఏం తినాలన్నది అసలు చర్చ. మా సంఘం అధ్యక్షుడు భాస్కర్రావుగారు క్రేన్ ఆపరేటరుగా రిటైరైన పెద్దాయన.

"ఉప్మా చేయిద్దామయ్యా, శుభ్రంగా ఉంటాది" అన్నారాయన.

"ఉప్మా తిని ఎవరికైనా నలతగా ఉంటే, వంటవాణ్ణి ఎవరూ తిట్టరు. రాహువుకి హారతిస్తారు."

"పోనీ అరటిపళ్లు?"

"పళ్లకి దోషం లేదని వాళ్లే చెబుతారు. ఇక మన సాహసం ఏముంది? వండిన తిండే తినాలి. కానీ ఏ చెయ్యీ పడకూడదు. ఏ నీడా దూరకూడదు. ఫ్యాక్టరీలో సీలు పడిన తిండి కావాలి."

భాస్కర్రావుగారు నన్ను ఆరాధనగా చూశారు. నేను కూడా నన్ను ఆరాధనగానే చూసుకున్నాను. అలా సూపర్‌మార్కెట్టుకు బయలుదేరాను. తోడు మా ఆవిడ సరళ, బట్టల సబ్బు కోసం.

డబ్బాల వరుస ముందు ట్రాలీ ఆపాను. అరల నిండా బేక్డ్ బీన్స్! టమాటా రసంలో ఉడికించి, రేకు డబ్బాలో పెట్టి, గాలి చొరకుండా మూసిన తెల్ల చిక్కుడు గింజలు. అంతకుముందు వాటిని నేను చూశానే గాని నోట్లో పెట్టుకోలేదు. ఈ వాక్యం కింద గీత గీసుకోండి.

"ఏటండీ ఇవి?" అంది సరళ.

"శాస్త్రం" అన్నాను.

ఆవిడ డబ్బా మీది బొమ్మను కాసేపు చూసింది. "ఇవి రాజ్మాకి తమ్ముళ్లలాగున్నాయి. రాజ్మా వండిన రోజున మా రవిని హాల్లో ఒక్కణ్ణీ పడుకోబెడతారు, తెలుసు కదా? ముందు ఒక్క డబ్బా కొనండి. ఇంట్లో తిని చూద్దాం."

"సరళా, ఇది మార్కెట్లో ఉన్న పదార్థం. వెనక దాని వివరాలన్నీ అచ్చు వేసి ఉన్నాయి. చదవగలిగినవాడికి రుచి చూడాల్సిన పనేముంది?"

చదివాను. సంబంధం చూడబోయినవాడు పిల్ల ఇంట్లో ఎలుకల దాకా వాకబు చేసినట్టు చదివాను. మొదటి రకం విదేశీ డబ్బా నిగనిగలాడుతోంది. ఆ నిగనిగే నాకు అనుమానం కలిగించింది. రెండో రకానికి అంచున చిన్న నొక్కు ఉంది. జేబులోంచి స్కూటర్ తాళం తీసి, చెవి దగ్గర పెట్టుకుని, చుట్టూ టక్‌టక్ కొట్టడం మొదలుపెట్టాను. ప్లాంటులో ఇనుము ఏడ్చినా నవ్వినా నాకు వినిపిస్తుంది మరి.

యూనిఫాం వేసుకున్న ఒకమ్మాయి పరుగున వచ్చింది. "అంకుల్, క్యా కర్ రహే హో?"

"చెకింగ్, బేటీ."

"బజానా హై తో మ్యూజిక్ కీ దుకాన్ ఉధర్ హై, అంకుల్."

వాయించుకోవాలంటే సంగీతం కొట్టు అటు ఉందట! సరళ సబ్బుల వైపు తిరిగి, మాకు పరిచయం లేనట్టు నిలబడింది. నేను లొంగలేదు. మూడో రకం డబ్బా ఎత్తాను. ఆహా! దాని నడుము చుట్టూ ఆకుపచ్చ పట్టీ మీద పెద్ద అక్షరాల్లో 'అధిక పీచు' అని ఉంది. కింద ఇంకో పట్టీ మీద 'మామూలు కన్నా రెట్టింపు.' పీచు అంటే ఆరోగ్యం. రెట్టింపు పీచు అంటే రెట్టింపు ఆరోగ్యం. రెట్టింపు ఆరోగ్యవంతుణ్ణి రాహువు ఏం చేస్తాడు? ఈ తర్కం అక్కడే నిలబడి, డబ్బా పైకెత్తి, సరళకు బిగ్గరగా వివరించాను. నా ఉపన్యాసపు గొంతు నా స్వాధీనంలో ఉండదు. నలుగురు మూగారు.

"భయ్యా, కంపెనీవాలే హో? ఫ్రీ శాంపిల్ మిలేగా?" అని ఒక పెద్దమనిషి చెయ్యి చాపాడు.

"శాంపిల్ నహీ హై" అన్నాను చిరాగ్గా.

"ఆయనే మీ కన్నా నయం" అంది సరళ, పరిచయం పునరుద్ధరించుకుని. "శాంపిలు అడుగుతున్నాడు. మీ షాపులో అడిగినట్టు."

అంత స్పష్టంగా చెప్పింది. ఎర్రజెండా ఊపి, ఈల కూడా వేసింది. నేను ఆ రకం డబ్బాలన్నీ ట్రాలీలోకి దింపి, అరను నున్నగా ఊడ్చి బయటికొచ్చాను.

గ్రహణం రోజు వచ్చింది. గ్రహణం పట్టే ముందు పూటంతా కూడా తినకూడదని శాస్త్రులవారంటారు కనుక, మేం మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాం. పార్కులో షామియానా, మైకు, బల్ల మీద కోటగోడలా డబ్బాలు. భాస్కర్రావుగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"తియ్యగా ఉందేటయ్యా? పప్పులో బెల్లం పడిందా?"

"తియ్యదనం ముఖ్యం కాదు. సత్యం ముఖ్యం."

ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ కలిపి ఛాట్‌లా చేశాక సత్యం బాగానే దిగింది. దారిన పోయేవాళ్లు చూడటానికి ఆగిన కొద్దీ మావాళ్లకు పౌరుషం పెరిగింది. ఒక గిన్నె తిన్నవాడు పిరికివాడు. రెండు తిన్నవాడు సభ్యుడు. మూడో గిన్నె ఎత్తిన భాస్కర్రావుగారికి చప్పట్లు.

సూర్యుడి అంచు కొరికినట్టయ్యే వేళకు అత్తగారు వచ్చారు. పందానికి సాక్షిగా, దర్భపోచ కొంగున ముడేసుకుని, మొదటి వరుసలో కూర్చున్నారు. నేను మైకు అందుకున్నాను.

"మిత్రులారా! గ్రహణం ఒక నీడ. నీడ మనిషిని ఏం చేయగలదు? చూడండి ఈ వీరులను! వీళ్ల కడుపుల్లో ఏమైనా కల్లోలం ఉందా?"

వెనక వరుస జవాబిచ్చింది.

మొదట కుర్చీ జరిగిందనుకున్నాను. తర్వాత ఇంకో కుర్చీ జరిగింది. తర్వాత జరగని కుర్చీలు కూడా మోగాయి. రెట్టింపు పీచు తన రెట్టింపు ప్రతాపం చూపిస్తోంది. ప్లాస్టిక్ కుర్చీ ఎంత చిన్న శబ్దాన్నయినా డప్పులా పెంచుతుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. "ఫోనొచ్చింది" అని ఒకరు లేచారు. ఫోను కుర్చీలోనే ఉంది. "గ్యాసు కట్టేశానో లేదో" అని ఇంకొకరు. ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. భాస్కర్రావుగారు మాత్రం కర్తవ్యదీక్షతో వేదిక మీదే, మైకు పక్కనే ఉండిపోయారు. మైకు నిష్పక్షపాతి. అన్నీ వినిపించింది.

చివరికి నా వంతు. "మూఢనమ్మకం..." అన్నాను. మిగతా వాక్యం నోటితో పూర్తి కాలేదు.

అత్తగారు నిదానంగా లేచారు. "ఏటి బాబూ, మీ సైన్సు పేలతంది?"

సెక్టర్ల నిండా కబురు పాకిపోయింది. గ్రహణంలో తిన్న నాస్తికుల్ని రాహువు లోపల్నుంచి మద్దెల వాయించాడట! ఎన్నడూ దర్భ ఎరగని ఇళ్లలో కూడా మర్నాడు దర్భ కట్టలు వెలిశాయని విన్నాను. ఇవన్నీ భరించేవాణ్ణి. కానీ స్వాతి మా ఇంటికొచ్చి, హాల్ టికెట్టు బల్ల మీద పెట్టి, "మేరా ఎగ్జామ్ తో గయా కదా, అన్నయ్యా?" అంది. ఆ టికెట్టును కూడా డబ్బాలాగే వెనక్కి తిప్పి చదివాను.

ఆ పిల్లే కళ్లు తుడుచుకుని మళ్లీ అంది. "కానీ మీరు సగమే టెస్ట్ చేశారు. గ్రహణం లేని రోజు కూడా అదే తిని చూడాలి కదా? అప్పుడే కదా తప్పు గ్రహణానిదో, బీన్స్‌దో తెలుస్తాది?"

ఇంత చిన్న సంగతి! డబ్బాలు ఇంకా మిగిలే ఉన్నాయి. అత్తగారి దగ్గరికి వెళ్లి, మళ్లీ తింటానని, ఆవిడే చూడాలని బతిమాలాను. ఆవిడ న్యాయం తెలిసిన మనిషి. పంచాంగం తీశారు. గ్రహణం లేదు సరే, అమావాస్య వాసన, వర్జ్యం, దుర్ముహూర్తం ఏవీ తగలని వేళ ఏరారు. జీవితమంతా ముహూర్తాలను ఎండగట్టిన నేను, ముహూర్తం చూసుకుని మరీ తూర్పు ముఖంగా కూర్చుని బీన్స్ తిన్నాను.

అత్తగారు ఎదురుగా కుర్చీ వేసుకుని జపమాల తిప్పుతూ కూర్చున్నారు. పొద్దు వాలింది. ముందు ఉరుము. జపమాల ఆగింది. తర్వాత పిడుగు. అత్తగారు కుర్చీ గుమ్మం దాకా జరిపారు. తర్వాత వీధిలోకి జరిపారు. నేను లోపల్నుంచి, "అత్తయ్యగారూ, వినిపిస్తోందా?" అని అరిచాను. ఏ అల్లుడైనా అత్తగారిని ఇలాంటి ప్రశ్న వేసి, అవునని జవాబు రావాలని కోరుకుని ఉంటాడా?

"ఇనపడతంది బాబూ, వీధంతా ఇనపడతంది! ఇక ఆపు!"

"అది నా చేతిలో లేదండీ!"

చాలాసేపటికి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి తీర్పు చెప్పారు. "గ్రహణం నాడు తిన్నా ఇంతే. మంచి రోజు చూసి తిన్నా ఇంతే. మరి మధ్యన గ్రహణం ఏటి సేసింది? మాట మాటే. కోడల్ని నానే ఆటో ఎక్కిస్తాను."

నేను ఏళ్ల తరబడి గొంతు చించుకున్న సంగతిని ఆవిడ ముక్కు మూసుకుని ముగించేశారు.

పరీక్ష రోజు పొద్దున స్వాతి ఆటో ఎక్కింది. అత్తగారు టిఫిన్ డబ్బాలో పులిహోర పెట్టి, పైన ఒక దర్భపోచ వేసి ఒళ్లో ఉంచారు. నేను వీడ్కోలుకని గుమ్మం దగ్గరకు రాగానే, కోడలి చెవిలో ఊరంతటికీ వినబడేలా చెప్పారు.

"ఆకలేస్తే గ్రహణంలోనైనా తిను, పరవాలేదు. మీ అన్నయ్య ఇచ్చిందేదీ ముట్టుకోకు. కడుపుతో ఉన్నదానివి!"

స్వాతి నెగ్గింది. ఇప్పుడు బడిలో సైన్సు చెబుతోంది. ప్రయోగాన్ని రెండు వైపులా ఎందుకు చేయాలో పిల్లలకు ఒక ఉదాహరణతో వివరిస్తుందట. ఉదాహరణ ఎవరని నన్ను అడక్కండి. ఇక మా వీధిలో రాహువు భయం కొంత తగ్గింది. దాని స్థానంలో నన్ను కూర్చోబెట్టారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు నేను ఎదురైతే పక్కకు తప్పుకుంటున్నారు.

కనుక అగ్నిసాక్షిగా అనలేను, హేతువాదిని. మా బ్లాస్ట్ ఫర్నేసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నమూనా చూడకుండా ఏ సత్యాన్నీ డబ్బాల లెక్కన కొనను. రెట్టింపు పీచును ప్రజాజీవితంలోకి తీసుకురాను. మైకు పక్కన భాస్కర్రావుగారిని కూర్చోబెట్టను.

మరి మీరు? నవ్వింది చాలు. వచ్చే గ్రహణానికి మీ ఇంట్లో ఏ ఆడపిల్లనైనా చీకటి గదిలో పడుకోబెట్టబోతున్నారా? లేవండి. ఆ తలుపు తీయండి. వేడివేడిగా అన్నం వడ్డించండి. ముందు మీరొక ముద్ద తిని చూడండి.