ఆఖరి గిన్నె

నా నౌకరి పక్కా అయింది! ఆరు నెలల ప్రొబేషన్ అయిపోయింది, పదకొండింటికి లెటర్ చేతిల పెట్టిండ్రు. మా ఇంట్ల డిగ్రీ చేసింది నేనే మొదలు, ఇగ ఆఫీసు నౌకరి పక్కా అయింది సుత నాదే మొదలు. ఎగరాలని ఉన్నది. సీతాఫల్‌మండిల మా ఆఫీసు మెట్ల మీద కూసొని ఇది రాస్తున్న. పక్కన పెట్టుకున్న చాయ్ సుత చల్లారిపోయింది.

ఈ నెల రోజులు నన్ను సతాయించింది ఒక గిన్నె.

మాది చిన్న కంపెనీ. దుకాణపోళ్లకు వెబ్ యాప్ చేస్తం. దుకాణంల ఎన్ని సామాన్లున్నయో, ఆన్‌లైన్ బజార్ల ఎన్ని ఆర్డర్లొచ్చినయో ఒక్క తెర మీద కనపడాలె. ఇక్కడ ఒకటి అమ్ముడుపోతే అక్కడ ఒకటి తగ్గాలె. చెప్తే గింతే. మాకు మొదటి గిరాకి రెజిమెంటల్ బజార్ల స్టీలు సామాన్ల సేఠు. "మీ నాయిన గా బజార్లనే పని చేస్తడు గద, నువ్వే చూస్కోమ్మా," అన్నడు మేనేజర్ సారు. నిజమే, మా నాయిన గా వరసలనే ఇంకో దుకాణంల ముప్పై ఏండ్ల సంది గిన్నెలమ్ముతడు.

ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టి చూస్తే అంత మంచిగనే నడిచింది. అసలు ఆన్‌లైన్ బజార్‌కు కలిపినంక పరేషాన్ షురూ. గంట గంటకు వాళ్లిచ్చిన పర్మిషన్ ముగిసిపోతుండె, మళ్ల అడుక్కోవాలె. అది సరిచేసిన. చెంచాల ఫోటో కాడ బకెట్ పడింది. అదీ సరిచేసిన. ఇగ ఒక్కటే మిగిలింది, అది మాత్రం వదల్లే. రోజుకు రెండు మూడు ఆర్డర్లు సేఠు క్యాన్సిల్ చేస్తుండె.

"మేడమ్, లేని గిన్నె ఎట్ల అమ్ముతది మీ కంప్యూటర్?" అని ఫోన్ల ఒర్రుడు.

"సేఠ్, మీ గుమాస్తానే లెక్క ఎక్కించిండు. ఒకటి ఉన్నదని రాసిండు."

"ఉంటే ఉండనీ. నేను లేదంటున్న గద!"

గీనతోటి ఏం మాట్లాడాలె? మేనేజర్ సారు నన్ను పిలిచి తలుపు దగ్గరికేసిండు. "క్యాన్సిల్లు గిట్లనే ఉంటే ఆన్‌లైనోళ్లు సేఠు పేజీ మూసేస్తరు. శుక్రవారం దాక చూస్త. కాకుంటే నీ లెటర్ సంగతి నా చేతిల సుత ఉండదమ్మా."

ఆన్‌లైన్ లెక్క మాకు లేటుగ వస్తున్నదేమో అనుకున్న. పదిహేను నిమిషాలకోసారి అడిగేది ఐదు చేసిన, తర్వాత ఒకటి చేసిన. గన్నిసార్లు అడిగితే వాళ్ల సర్వర్ మాకే తలుపేసింది. మళ్ల బతిలాడి తెరిపిచ్చుకున్న. అన్నం తింటుంటే కంచంల అంకెలే కనపడుతుండె. క్యాన్సిలైన ఆర్డర్లన్ని వరసగ పెట్టి చూస్తే, అన్నీ దుకాణంల ఒక్కటే మిగిలిన సామాన్లే. ఒకటి కాడనే ఎందుకు తప్పుతున్నది? నేనే ఎక్కడో లెక్క తప్పిన అనుకొని మూడుసార్లు కోడ్ మొత్తం మళ్ల రాసిన. మూడుసార్లు గదే.

గురువారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. నాయిన సద్ది డబ్బ మర్చిపోయిండంట. చిలకలగూడల మా ఇంటికి పోయి డబ్బ తీసుకొని నాయిన దుకాణానికి పోయిన. స్టూల్ మీద కూలబడ్డ. అప్పుడే ఒకామె వచ్చింది.

"అన్నా, గా మూత గిన్నె చూపెట్టు."

"అయిపోయినయక్కా. సోమవారం మాల్ వస్తది," అన్నడు నాయిన.

"మరి గదేంది? కండ్ల ముందల మెరుస్తుంటే?"

"అది ఇచ్చేది కాదక్కా."

"అమ్మనీకె కూసున్నవా, చూపెట్టనీకె కూసున్నవా?" అని గులుగుకుంట పోయింది.

"ఉన్నది గద నాయినా, ఎందుకియ్యలే?"

"ఆఖరిది బిడ్డా. ఆఖరిది ఎవరన్న ఇస్తరా? కొత్త మాల్ వచ్చినంకనే అది పోతది. అల్మార ఖాళీ పెడితే లచ్చిమి ఉంటదా?"

"అందరు గిట్లనే చేస్తరా?"

"ఈ లైన్ల అందరు గంతే. మీ అమ్మ బియ్యం డబ్బల అడుగు కనపడనిస్తదా? డిగ్రీ చేసినవ్, గిది తెల్వదా?"

గా గిన్నెనే చూసుకుంట కూసున్న. గుమాస్తా తప్పు రాయలే, ఉన్న ఒక్కటి ఉన్నదనే రాసిండు. సేఠు సుత అబద్ధం ఆడలే, అమ్మేది లేదనే అన్నడు. ఎవ్వరూ నాకు చెప్పలే, అందరికి తెలిసిందే గద అని. నాకు సుత తెలిసిందే. చిన్నప్పటి సంది గా డబ్బల పిడికెడు ఉండంగనే కొత్త బియ్యం పోసేది నేనే. తెర ముందల కూసున్నంక యాదికి రాలే, అంతే.

ఆఫీసుకొచ్చి ఒక చిన్న డబ్బా పెట్టిన తెర మీద: 'దుకాణంల ఉంచేది.' సేఠు అండ్ల ఎంత రాస్తే గంత తీసేసి, మిగిలిన లెక్కనే ఆన్‌లైన్‌కు పోతది. సేఠు 'ఒకటి' అని రాసిండు. శుక్రవారం ఫోన్ రాలే. శనివారం రాలే. మేనేజర్ సారు ఇంకో వారం ఆగి చూసిండు. ఒక్కటి సుత క్యాన్సిల్ కాలే.

ఇయ్యాల లెటర్ ఇచ్చుకుంట, "గింత చిన్నదానికి నెల పట్టిందామ్మా?" అన్నడు.

"పట్టింది సార్," అన్న.

అమ్మకు చెప్పిన. ఏడ్చుకుంట ఫోన్ పెట్టేసింది. ఇంకా ఫోన్ చెయ్యాల్సినోళ్లు:

పెద్దమ్మ. ఏ పెండ్లిల కలిసినా "ఇంకా పక్కా కాలేదా?" అంటది. ఆమెకు జెర గట్టిగ చెప్పాలె.

టెన్త్‌ల లెక్కల సారు.

కాలేజి దోస్తు. దాన్ని ప్రొబేషన్‌లనే తీసేసిండ్రు. దానికి మెల్లగ చెప్పాలె.

సేఠు. మళ్ల ఒర్రినా పర్వాలేదు.

నాయిన. నాలుగుసార్లు చేసిన, ఎత్తుతలేడు. దుకాణంల గిరాకి ఉన్నట్టుంది.