పసుపు పెట్టని జెండా

ట్రంకుపెట్టె మూత తీయగానే కలరా ఉండల ఘాటు, దాని వెనకే పాత నూలుగుడ్డ వాసన వచ్చాయి. అడుగున సగం కుట్టిన జెండా ఉంది. ఆకుపచ్చ, తెలుపు పట్టీలు, మధ్యలో ఓ పక్క మాత్రమే కుట్టుపడిన ఎర్ర నక్షత్రం. నా చిన్నప్పుడు ఒకరోజు అమ్మ మిషను అక్కడే ఆగింది. ఆ సాయంత్రం రేడియోలో ఆ జెండా తాలూకు దేశపు ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసిందని చెప్పారు. జెండా కోసం వచ్చిన ఇమ్మాన్యుయేలు మా గడప మీదే నిలబడి ఆ వార్త విన్నాడు.

అప్పట్లో మేం దక్షిణ ఢిల్లీలో ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న సర్కారు గుమాస్తా. అమ్మ గుంటూరు నుంచి తెచ్చుకున్న మిషను మీద ఇరుగుపొరుగు వాళ్లకు జాకెట్లు కుట్టేది. ఇమ్మాన్యుయేలు జియా సరాయ్‌లో గది తీసుకుని ఇంజినీరింగు చదువుతున్న ఆఫ్రికా యువకుడు. వాళ్ల దేశం వయసులో నాకన్నా చిన్నది. ఏటా వాళ్ల స్వాతంత్ర్య దినం నడి వేసవిలో వచ్చేది. వడగాలికి తలుపులన్నీ మూసుకుని, తడిపిన వట్టివేళ్ల తడికల చల్లదనంలో అమ్మ జెండా కుడుతుంటే, నేను కత్తిరింపు ముక్కలతో బొమ్మలకు చీరలు కట్టేదాన్ని. వంటింట్లోంచి అమ్మ ముందే కలిపి ఉంచిన మామిడికాయ పులిహోర పోపు ఘుమఘుమలు వచ్చేవి. దేశానికి పుట్టినరోజంటే పండగే కదా అనేది అమ్మ.

మొదటి ఏడు జెండా అందిస్తూ తెల్లపట్టీ అంచున పసుపు బొట్టు పెట్టేసింది. అతను అదిరిపోయాడు.

"అమ్మా, మా జెండాలో పసుపు హై హీ నహీ!"

"లేకపోతే ఇప్పుడొచ్చిందిలే. కొత్తబట్టకి పసుపెట్టకుండా ఎట్టా ఎగరేత్తావయ్యా? కూర్చో, పులిహోర తిను."

మర్నాడు జియా సరాయ్ మేడ మీద ఆ బొట్టుతోనే జెండా ఎగిరింది. మరుసటి ఏడు అతనే పసుపు డబ్బా తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.

కూలిన సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది నాన్న. తెల్లవాళ్లు బల్ల మీద పటం పరిచి, స్కేలు పెట్టి ఆ దేశపు ఎల్లలు గీశారట. అక్కడి ఉత్తరాది వాళ్లకు తుపాకులిచ్చారు, తీరం వాళ్లకు చదువులిచ్చారు, పొలాలన్నిటా వేరుశనగే సాగు చేయించారు. ఆ పంటకు ధర మాత్రం తెల్లవాళ్లు తమ దేశంలో కూర్చునే కట్టేవారు. వెళ్తూ వెళ్తూ జెండా ఇచ్చారు, ధర కట్టే పని ఉంచుకున్నారు. తిండి చాలనప్పుడు తుపాకులున్నవాళ్లు తీరం మీదికి దిగారు. "మనకీ గీత గీసే పోయారు" అన్నాడు నాన్న.

ఇమ్మాన్యుయేలుకు ఆ నెలలోనే ఇంటికి తిరుగు ప్రయాణం. వాళ్లమ్మ కోసం సదర్ బజారులో చీర కూడా కొన్నాడు. కొత్త ప్రభుత్వం పాత పాస్‌పోర్టులు చెల్లవంది. ఇంకొన్నేళ్లకు దేశం రెండుగా చీలింది. వాళ్ల ఊరు సరిగ్గా గీత మీద పడింది. రెండు రాయబార కార్యాలయాలూ అతణ్ని అవతలివాళ్ల మనిషన్నాయి. అమ్మ ఏటా వేసవిలో ఏ జెండా కుట్టమంటావని అడిగేది. ఒక ఏడు అడగడం మానేసింది. చీర అతని పెట్టెలో ఉండగానే అక్కడ వాళ్లమ్మ పోయింది.

పత్రికలో నా ఉద్యోగమంతా ఇలాంటి దేశాల వార్తలతోనే గడిచింది. పేర్లు మారేవి, వార్త మారేది కాదు.

ఇన్నేళ్లకు ట్రంకుపెట్టెలో దొరికిన జెండా పట్టుకుని, ఇప్పుడు నేనుండే గురుగ్రామ్ నుంచి మెట్రోలో వెళ్లాను. జియా సరాయ్‌లో ఆకాశం కనపడనంత దగ్గరగా మేడలు లేచాయి. జెండా ఎగిరిన మేడ లేదు. ఇమ్మాన్యుయేలు అంకుల్ ఉన్నాడు, అదే సందులో, పిల్లలకు లెక్కలు చెబుతూ. నక్షత్రాన్ని వేళ్లతో తడిమి, అంచు తిప్పి చూశాడు.

"అమ్మ పసుపు పెట్టలేదు."

"పెట్టనా, అంకుల్?"

"దేనికి, బిటియా? ఆ దేశం ఇప్పుడు హై కహాఁ?"

మడిచి నా చేతికే ఇచ్చేశాడు. వాళ్ల ఊరు రెండు దేశాల్లో దేనిదో ఇప్పటికీ తేలలేదు. కొత్త పటాల్లో కూడా అక్కడ చుక్కల గీతే ఉంది.