సముద్రం మింగిన రోడ్డు

మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌ ఇంట్లో నేను నాన్న సొరుగు సర్దుతుంటే ఆటుపోట్ల వేళల కాగితం ఒకటి దొరికింది.

ఎనభైల్లో బ్రిటన్ వెళ్లినప్పుడు ఒక చిన్న దీవికి కారులోనే చేరాం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే బయటపడే రోడ్డు అది. బందరులో పెరిగిన అమ్మ, మిషిగన్ వచ్చాక సముద్రం చూడటం అదే మొదటిసారి.

"ఈ పూట ఇక్కడే ఉండిపోదామండీ," అంది.

"అవతలి ఒడ్డున హోటల్ బుక్ చేశాను. పది నిమిషాలు పడుకుని బయల్దేరదాం," అని నాన్న కారులో కునుకు తీశారు.

నేను చూసేసరికి రోడ్డు లేదు.

"డాడీ! సముద్రం రోడ్డుని తినేసింది! ఇంక నాకు స్కూల్ లేదు!" అని గెంతాను.

"అయ్యో, టైమ్ చూసుకోలేదే!" అన్నారు నాన్న.

"ఇంజనీరుగారికి వాచీ చూడ్డం రాదు!" అని నవ్వుతూ అమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టి నీళ్లలోకి పరుగెత్తింది.

సొరుగులో దొరికిన ఈ కాగితంలో, ఆ రోజు రోడ్డు మునిగే వేళ చుట్టూ నాన్న పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నారు.