దోమతెర కింద పందులు

మా మేనత్త మొన్న ఆదివారం తెల్లవారుజామున గుండె ఆగి చనిపోయింది. తాడేపల్లిగూడెంలో మాకు ఫోన్ రాగానే బంధువులకీ తెలిసినవాళ్లకీ నేనే కబురు చెప్పాను. ఎవరికి చెప్పినా మొదట అడిగిన మాట ఒకటే. "జ్వరం ఏమన్నా వచ్చిందాండీ?" ఈ ఏడు ఏ టీవీ పెట్టినా స్వైన్ ఫ్లూ గొడవే, మా అత్తయ్యేమో పందుల్ని పెంచిన మనిషి. ఆవిడకి బీపీ ఉంది, షుగర్ ఉంది, డెబ్బై దాటిన వయసుంది. వాటి గురించి ఒక్కరూ అడగలేదు. మొదట ఓపిగ్గానే జవాబు చెప్పాను గానీ, తర్వాత తర్వాత ఫోన్ పెట్టేయడం మొదలుపెట్టాను.

అత్తయ్య మా ఊళ్లోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేసి, రిటైరయ్యాక దెందులూరు దగ్గర తన సొంత పల్లె చేరింది. పెన్షన్ తీసుకుని హాయిగా కూర్చోమని మా నాన్న చెబితే, "కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి తమ్ముడూ" అని పెరట్లో గచ్చు చేయించి, పైన రేకులు వేయించి, తెల్లటి సీమపందుల్ని తెచ్చింది. మా బంధువుల్లో సగం మంది ముక్కు మూసుకున్నారు. మిగతా సగం మంది ఆదివారం కూరకి ముందే చెప్పి పెట్టుకున్నారు. ఆ రెండు పనులూ చేసినవాళ్లు కూడా ఉన్నారు.

హాస్టల్లో ఉండగా ఒక పిల్లకి మూర్ఛలు వస్తే, పందుల్లో ఉండే బద్దెపురుగు మెదడులోకి చేరిందని ఏలూరులో డాక్టరు చెప్పాడట. ఆ పిల్ల తన చేతుల్లో గిలగిలా కొట్టుకోవడం అత్తయ్య మరిచిపోలేదు. కాలవగట్ల మీద, మురుగ్గుంటల్లో తిరిగే పందుల మాంసం అంటే అప్పటినుంచీ ఆవిడకి పడదు. పెళ్లి భోజనంలో పంది కూర వడ్డిస్తే, చెయ్యి పెట్టకుండా పెళ్లికూతురి తండ్రినే పిలిచి అడిగేది. "ఏవండీ, ఇది ఎక్కడ పెరిగిందండీ?" ఆయన నీళ్లు నమిలేవాడు. నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని. "తినేదేంటో తెలిస్తే చాలదమ్మా, అది ఏం తిందో కూడా తెలియాలి" అనేది, ఒట్టి పప్పన్నం కలుపుకుంటూ.

అందుకే తన పందులకి గూడెం మిల్లుల తవుడు, నూకల జావ, హైవే హోటళ్లలో మిగిలినవి తెచ్చి మళ్లీ ఉడకబెట్టి పెట్టేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గచ్చు కడిగేది. ఆ శుభ్రం చూస్తే మా వంటింటి మీద నాకే అనుమానం వచ్చేది. ఆ గచ్చుని ఊరికి చూపించడంలో ఆవిడకి కాస్త గర్వం కూడా ఉండేది. ఉండనీ, అది కష్టపడి సంపాదించుకున్న గర్వమే.

కొన్నేళ్ల కిందట, ఒక వానాకాలంలో, చుట్టుపక్కల ఊళ్లలో మెదడువాపు జ్వరం వస్తోందని, అది పందుల వల్లేనని పుకారు లేచింది. పందుల్ని రోడ్ల మీద వదిలేసి పెంచేవాళ్లు వాటిని చింతలపూడి వైపు తోలేసి, మావి కావంటే కావన్నారు. అత్తయ్య పందులు దొడ్డిలో ఉన్నాయి కాబట్టి వాటికి ఒక యజమాని ఉంది, ఆ యజమానికి ఒక గుమ్మం ఉంది. జనం ఆ గుమ్మం ముందుకే వచ్చారు. మాంసం కొనడం మానేశారు. చర్చిలో ఆవిడ పక్కన చాప ఖాళీగా ఉంచారు. మాంసం మానేసిన ఆ జనమే సాయంత్రాలు మురుగుకాలవ పక్కన అరుగుల మీద దోమల్ని చరుచుకుంటూ కూర్చునేవాళ్లు. ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునేవాళ్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

నేను సెలవుకి వెళ్లి అక్కడ ఉండగానే పక్కింటి పాపకి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. వాళ్ల నాన్న కొల్లేటికోటలో చేపల చెరువుల మీద పనికి వెళ్లి ఉన్నాడు. తల్లి ఇంట్లో మిషన్ కుట్టుకునే మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగదు. ఏలూరు వెళ్లడానికి ఆటో ఎక్కుతూ, పాపని ఒళ్లో అదిమి పట్టుకుని, మా వైపు తిరిగింది.

"పిన్నిగారూ, నా పిల్లకేమన్నా అయితే మీ పందుల్ని కాదండి, మిమ్మల్నే అడుగుతాను."

ఆటో వెళ్లిపోయింది. నేను కోపంతో ఊగిపోతున్నాను. "అదేంటి అత్తయ్యా, మీరు నోరు విప్పరేం? మీ పందులు మురుగులో తిరిగాయా?" అన్నాను.

"మాంసం సంగతి నాకు తెలుసమ్మా. దోమ సంగతి తెలీదు" అంది.

ఆ సాయంత్రమే పశువుల డాక్టరుగారిని పిలిపించింది. ఆయన గచ్చంతా చూసి మెచ్చుకున్నాడు. తర్వాత గోడ వెనక్కి వెళ్లి ఆగిపోయాడు. కడిగిన నీళ్లన్నీ అక్కడ గుంటలో నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లకే అరటిచెట్లు ఏపుగా పెరిగాయి. పొద్దు వాలుతుంటే గుంట మీద దోమలు ముసురుకున్నాయి. గుంటకి అవతల పక్కింటివాళ్ల కిటికీ.

"మాంసం తింటే ఆ జ్వరం రాదండి," అన్నాడాయన మెల్లగా. "పందుల్లో ఉంటే దోమ మోసుకెళ్తుంది. మీవాటిలో ఉందో లేదో పరీక్ష చేయకుండా నేను చెప్పలేను. ఈ గుంట మాత్రం ఉండకూడదండి."

అత్తయ్య ముఖం నేను చూడలేకపోయాను. ఊరంతా మెచ్చుకున్న శుభ్రమే అక్కడ గుంటై నిలిచింది. ఆవిడ పార తీసుకుని గుంట పూడ్చడం మొదలుపెట్టింది. మర్నాడే పందుల్ని ట్రాక్టరెక్కించి, ఇళ్లకి దూరంగా కాలవ అవతల తన చేనుగట్టు మీద కొత్త పాక వేయించింది. "పాపకి వచ్చింది ఏ జ్వరమో తేలకుండానే ఎందుకంత తొందర?" అని నేను పోట్లాడాను. ఏలూరు నుంచి ఏ కబురూ రాలేదు. వీధిలో సైకిల్ బెల్లు మోగినా ఇద్దరం గుమ్మంలోకి పరిగెత్తేవాళ్లం. ఆ పిల్ల బతకాలని మేం చేసిన ప్రార్థనలో, నింద మా మీదికి రాకూడదన్న భయం కూడా కలిసే ఉంది.

చివరికి కబురొచ్చింది. మెదడువాపు కాదు, మలేరియా తలకెక్కింది, గండం గడిచింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "చూశారా అత్తయ్యా, మీ పందులది తప్పు కాదు" అన్నాను.

"పందులది కాదని తేలింది. దోమదేనని కూడా తేలింది కదమ్మా. గుంట నాది."

పాప ఇంటికి వచ్చిన వారానికి పక్కింటావిడ గుమ్మం దగ్గర నిలబడింది. "ఆ రోజు ఏదో అనేశానండి" అంది. అత్తయ్య ఆ మాట వినిపించుకోనట్టే, పాత దోమతెరలన్నీ ఆవిడ చేతిలో పెట్టి, "ఇవన్నీ కలిపి పాకంత తెర కుట్టిపెట్టగలవామ్మా?" అని అడిగింది. పందులకి దోమతెరేంటని ఊరు పడీ పడీ నవ్వింది. అప్పట్నుంచీ రోజూ పొద్దు వాలకముందే అత్తయ్య చేనుగట్టుకి వెళ్లి తెర దించి, అంచుల మీద ఇటుకలు పెట్టి వచ్చేది. వానొచ్చినా, జ్వరమొచ్చినా మానలేదు. మీ పందుల వల్ల ఇక ఏ భయమూ లేదా అని ఎవరైనా అడిగితే, "ఏమోనండి, నా చేతిలో ఉన్నది చేస్తున్నాను" అనేది. నేను ఇంకెవరి నోటా విననంత నిజాయితీగల జవాబు అది.

సమాధి దగ్గరికి వచ్చినవాళ్లు ముక్కులకి రుమాళ్లు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. శవపెట్టె మోయడానికి కాసేపు ఎవరూ ముందుకు రాలేదు. చెరువుల నుంచి అప్పుడే వచ్చిన పక్కింటాయన తడి లుంగీతోనే పెట్టె ఒక మూలకి భుజం పెట్టాక, మిగతావాళ్లు కదిలారు.  

అంతా అయ్యాక, పొద్దు వాలుతుంటే, పందులు గుర్తొచ్చాయి. వాటి సంగతి ఎవరికీ పట్టలేదు. కాలవ దాటి పరుగులాంటి నడకతో వెళ్లాను. తెర అప్పటికే దించి ఉంది. పక్కింటావిడ పాక చుట్టూ తిరుగుతూ అంచుల మీద ఇటుకలు పెడుతోంది.

"పిన్నిగారుంటే ఈపాటికి దించేసేవారు కదండీ" అంది, నా వైపు చూడకుండా.

ఒక మూల తెర చిరిగి ఉంది. సూదీ దారం తెమ్మని పాపని ఇంటికి పంపింది. ఆ పిల్ల గట్టు మీద పరిగెత్తి వెళ్లి తిరిగొచ్చేదాకా, ఆవిడ ఆ చిరుగుని రెండు వేళ్లతో మూసి పట్టుకుని నిలబడే ఉంది.